పాత ఇల్లు – మన చేతి మరమ్మతు

“ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు” అన్నారు పెద్దలు. కట్టిన ఇంటిని యాభై ఏళ్ళ తరువాత నిలబెట్టుకోవడం ఎంత కష్టమో ఆ సామెత చెప్పలేదు. పారిశ్రామిక పట్టణాలలో ఉద్యోగం చేసేవారికి ఈ కష్టం ఆలస్యంగా, కాని ఒక్కసారిగా ఎదురవుతుంది. క్వార్టరులో ఉన్నంతకాలం కుళాయి కారినా, పైకప్పు చెమ్మగిల్లినా సివిల్ విభాగంవారి ఫిర్యాదు పుస్తకంలో ఒక వాక్యం వ్రాస్తే మన బాధ్యత తీరిపోతుంది. పదవీ విరమణ చేసి, భవిష్యనిధి సొమ్ముతో పాత ఇల్లు కొనుక్కున్న మరునాటినుంచి ఆ పుస్తకం ఉండదు. అప్పుడు చాలామంది చేసే మొదటి పని రంగులు వేయించడం. అది నిజానికి చివర చేయవలసిన పని. వేసిన రంగు రెండు వానాకాలాలు గడవకముందే పొరలుగా ఊడిపోతుంది, సొమ్ము పోతుంది, రంగు చాటున దాగిన అసలు లోపం మరింత ముదురుతుంది.

ఏ పని ముందు చేయాలి, ఏది తరువాత చేయాలి, ఏ పని మన చేతులతో చేసుకోవచ్చు, ఏది నిపుణులకు అప్పగించాలి అన్న విషయాలను, జంషెడ్‌పూర్ ఇళ్ళను ఉదాహరణగా తీసుకుని, మన సంస్థ ఉద్యోగులకు, వారి కుటుంబాలకు వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఒకే ఊరు, అనేక తరాల ఇళ్ళు

టాటా ఉక్కు సంస్థ 1907లో ఏర్పడింది. సువర్ణరేఖ, ఖర్కాయి నదుల సంగమం సమీపాన ఉన్న సాక్చీ గ్రామ ప్రాంతంలో నిర్మించిన కర్మాగారంనుంచి 1912లో తొలి ఉక్కు దిమ్మ వెలువడింది. 1919లో వైస్రాయి లార్డ్ చెమ్స్‌ఫర్డ్ ఈ ఊరికి జంషెడ్‌పూర్ అని నామకరణం చేశారు. పట్టణానికి తొలి ప్రణాళికను జూలియన్ కెనెడీ సంస్థ రూపొందించగా, తరువాత 1920లో టెంపుల్, 1936లో స్టోక్స్, 1944–45లో జర్మన్ వాస్తుశిల్పి ఆటో కోనిగ్స్‌బెర్గర్ కొత్త ప్రణాళికలు రచించారు. అందువల్ల ఈ ఒక్క ఊళ్ళోనే శతాబ్ద కాలపు గృహనిర్మాణ పద్ధతులన్నీ పక్కపక్కన కనిపిస్తాయి.

ఉత్తరాంధ్ర జిల్లాలనుంచి ఉపాధి కోసం తరలివచ్చిన తెలుగు కుటుంబాలు కద్మా, బిష్టుపూర్, సోనారి మొదలైన చోట్ల తరతరాలుగా నివసిస్తున్నాయి. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం వారి ఉనికికి ఒక గుర్తు. సువర్ణరేఖకు ఆవల మాంగోలోను, ఖర్కాయికి ఆవల ఆదిత్యపూర్‌లోను ప్రైవేటు ఇళ్ళు విస్తారంగా వెలిశాయి. వాటిలోను పాతబడినవి ఇప్పుడు తక్కువేమీ కాదు.

మరమ్మతు దృష్టితో చూస్తే పాత ఇళ్ళు రెండు రకాలు. మొదటిది సున్నపు గారతో కట్టిన ఇల్లు. మన దేశంలో సిమెంటు ఉత్పత్తి నిలదొక్కుకోవడం 1914లో పోర్‌బందర్ కర్మాగారంతో మొదలైంది. అంతకు ముందూ, ఆ తరువాత చాలా ఏళ్ళూ తూర్పు భారతంలో ఇటుక కట్టుబడికి సున్నం, సుర్కీ, అనగా కాల్చిన ఇటుకపొడి, వాడడమే పరిపాటి. పైకప్పు పెంకులదో, ఇనుప దూలాల మధ్య ఇటుక ఆర్చులతో వేసినదో అయి ఉంటుంది. రెండవది స్వాతంత్ర్యానంతరం వ్యాపించిన సిమెంటు గోడలు, కాంక్రీటు స్లాబు గల ఇల్లు. ఈ రెండింటి జబ్బులు వేరు, మందులూ వేరు. మీది ఏ రకం ఇల్లో తెలుసుకోకుండా తాపీ పట్టకూడదు. తెలుసుకోవడం సులభమే. గార రాలిన చోట ఇటుకల మధ్య అతుకును మేకుతో గీకి చూడండి. లేత గులాబీ రంగులోనో, తెల్లగానో పొడిపొడిగా రాలితే అది సున్నం. బూడిదరంగులో గట్టిగా ఉండి మేకునే అరగదీస్తే అది సిమెంటు.

ముందుగా నీటి జాడ

పాత ఇంటి రోగాలలో అధికభాగం నీటివల్ల వచ్చేవే. గార ఉబ్బడం, ఉప్పు పొంగడం, బూజు, చెద, తుప్పు, చివరకు విద్యుత్ ప్రమాదం వరకు అన్నింటి వెనుక తేమ ఉంటుంది. కాబట్టి ప్రప్రథమంగా నీరు ఎక్కడినుంచి వస్తున్నదో కనిపెట్టాలి.

నేలనుంచి మొదలై అడుగు నుంచి మూడు అడుగుల ఎత్తువరకు గోడ పొడుగునా చారలా చెమ్మ ఉంటే అది నేలలోనుంచి పైకి పీల్చుకుంటున్న తేమ. పైకప్పుకు దగ్గరగా ఉంటే డాబా మీదిది. కిటికీ చుట్టూ ఉంటే వానజల్లుది. స్నానాలగది గోడకు అవతలి పక్కన వేసవిలో కూడా ఆరకుండా ఉంటే గొట్టానిది. తేమ గోడలోనిదా, గదిలోని గాలిదా అన్న సందేహం కలిగితే ఒక చిన్న పరీక్ష ఉంది. చదరపు అడుగు పాలిథీన్ కాగితాన్ని నాలుగంచులా టేపుతో గోడకు అంటించి ఒకరోజు ఉంచండి. నీటిబిందువులు కాగితం వెనుక గోడవైపున పట్టితే తేమ గోడలోది. గదివైపున పట్టితే అది వంటావిరి, స్నానపుటావిరి. రెండవదానికి మందు కిటికీ తెరవడమే.

నేల తేమకు తరచుగా కారణం ఇంటి లోపల కాక బయట ఉంటుంది. పూలమొక్కలకు మట్టి పోస్తూ, వాకిట్లో బండలమీద బండలు వేస్తూ ఏళ్ళు గడిచేసరికి బయటినేల పునాదిలోని తేమనిరోధక పొరకంటే పైకి లేస్తుంది. అప్పుడు ఆ పొర ఉన్నా లేనట్టే. ఒక ఆదివారం పారతో ఆ మట్టిని తీసి, బయటినేలను లోపలి నేలమట్టంకంటే కనీసం ఆరంగుళాలు కిందికి దించి, నీరు గోడకు దూరంగా పారేటట్లు వాలు ఇస్తే ఖరీదైన రసాయనాలు చేయలేని పని కొంత జరుగుతుంది.

డాబామీద తూములు శుభ్రంగా ఉన్నాయా, పిట్టగోడ మొదట్లో పగుళ్ళు ఉన్నాయా, వాన వెలిసిన తరువాత ఎక్కడెక్కడ నీరు నిలుస్తున్నది అని చూడాలి. నిలిచిన చోట సుద్దముక్కతో గీత గీసి ఉంచుకుంటే, ఎండలు వచ్చాక అక్కడ మాత్రమే వాలు సరిచేసుకోవచ్చు. తూములు మూసి డాబామీద నీరు నింపి పరీక్షించడం ఇంజినీర్లలో వాడుకే. కాని రెండంగుళాల లోతు నీరు ప్రతి చదరపు మీటరు మీద 50 కిలోల బరువు మోపుతుందని మరువరాదు. పెచ్చులూడుతున్న స్లాబుమీద ఆ పరీక్ష చేయకూడదు. పెంకుటింటిలో పగిలిన పెంకును మార్చడం సులభమే. అయితే పెంకులమీద నేరుగా అడుగు పెట్టక, దూలాలకు అడ్డంగా పలక వేసుకుని దానిమీదే నడవాలి.

గోడకు తగిన గార

సున్నపు గోడ తేమను పీల్చుకుంటుంది, ఎండ కాసినప్పుడు వదిలేస్తుంది. వందేళ్ళు నిలిచినదంటే ఈ గుణం వల్లనే. అటువంటి గోడమీద గట్టి సిమెంటు గార పూసి, ఆపైన నీరు చొరని ప్లాస్టిక్ రంగు వేస్తే తేమకు వెలుపలికి వచ్చే దారి మూసుకుపోతుంది. అది ఇంకా పైకి ప్రాకి మరో చోట బయటపడుతుంది. లోపల చిక్కిన ఉప్పులు స్ఫటికాలుగా ఉబ్బి ఇటుక ముఖాన్నే పొడిగా రాల్చేస్తాయి. మెత్తని గోడకు మెత్తని గారే తగును అన్నది ఇక్కడి సూత్రం. సున్నమూ ఇసుకా, లేక ఒక పాలు సిమెంటు, ఒక పాలు సున్నం, ఆరు పాళ్ళు ఇసుక కలిపిన మిశ్రమం సరిపోతుంది. మన ప్రాంతపు తాపీమేస్త్రీలకు డంగుసున్నం ఎటువంటిదో, ఇక్కడి రాజ్‌మిస్త్రీలకు చూనా–సుర్కీ అటువంటిది. పాతవారిలో ఆ పని తెలిసినవారు ఇంకా ఉన్నారు. వెదకి పట్టుకోవడం మేలు.

గోడకు తెల్లగా ఉప్పు పొంగితే నీటితో కడగరాదు. కడిగితే ఉప్పు కరిగి మళ్ళీ గోడలోకే పోతుంది. పొడి కుంచెతో దులిపి, ఆ పొడిని ఎత్తి పారవేయాలి. పాత గారను వేలి కణుపుతో తట్టి చూడండి. డొల్ల శబ్దం వచ్చినంతమేర మాత్రమే తీసివేయండి. గట్టిగా ఉన్నదాన్ని అందం కోసం తీయడం వృథా. కొత్త గార పూసే ముందు గోడను తడపాలి; పూసిన తరువాత ఎండ నేరుగా తగలకుండా తడి గోనెపట్టాలు కట్టాలి.

ఉక్కు పట్టణాలకు సంబంధించిన మరొక విషయం. బ్లాస్ట్ ఫర్నేసులో మిగిలే చిట్టెంతో తయారయ్యే స్లాగ్ సిమెంటు ఈ ప్రాంతంలో విరివిగా దొరుకుతుంది. భారతీయ ప్రమాణం ప్రకారం అందులో స్లాగ్ 25 నుంచి 70 శాతం వరకు ఉండవచ్చు. ఇది మంచి సిమెంటే. నేలలోని లవణాలను బాగా తట్టుకుంటుంది. కాని మొదటి రోజులలో బలం నెమ్మదిగా పుంజుకుంటుంది. అందుకే సాధారణ సిమెంటు కాంక్రీటును కనీసం 7 రోజులు తడపమని చెప్పే ప్రమాణ గ్రంథం, ఇటువంటి మిశ్రమ సిమెంట్లకు 10 రోజులు, వేడి పొడి వాతావరణంలో 14 రోజులు తడపమంటుంది. మూడవనాటికే తడపడం మానేసి సిమెంటును నిందించడం న్యాయం కాదు.

పగుళ్ళు, పెచ్చులు

ప్రతి పగులూ ప్రమాదం కాదు. వెంట్రుకవాసి పగుళ్ళు గార ఆరడంవల్ల వచ్చినవి; వాటికి లప్పం చాలు. అసలు ప్రశ్న పగులు ఆగిపోయిందా, ఇంకా సాగుతున్నదా అన్నదే. పగులు రెండు కొసల దగ్గర పెన్సిలుతో గీత గీసి తేదీ వేయండి. మధ్యలో పలుచని గాజుపలకను అడ్డంగా అంటించండి. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడిచాక గాజు విరగకుండా ఉంటే ఆ పగులు నిద్రపోయినట్లే, పూడ్చుకోవచ్చు. గాజు విరిగినా, కిటికీ మూలనుంచి ఐమూలగా సాగి పెన్సిలు మందాన వెడల్పయినా నిర్మాణ ఇంజినీరును పిలవవలసిందే.

కాంక్రీటు స్లాబునుంచి పెచ్చులు ఊడడం మరింత తీవ్రమైన విషయం. కాంక్రీటులోని క్షారగుణం లోపలి ఉక్కు కడ్డీలను తుప్పునుంచి కాపాడుతుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువు ఏళ్ళ తరబడి లోపలికి చొచ్చుకుపోతే ఆ గుణం నశిస్తుంది. అప్పుడు తేమ తగిలిన కడ్డీ తుప్పు పడుతుంది. తుప్పు తాను పుట్టిన లోహంకంటే రెండు నుంచి ఆరు రెట్ల చోటు ఆక్రమిస్తుంది కనుక కింది కాంక్రీటును పగలదోసి బయటపడుతుంది. ఉక్కు తయారుచేసే మనవంటివారికి ఇది కొత్త పాఠం కాదు, కాని మన ఇంటి కప్పుకు దాన్ని అన్వయించుకోము. ఊడిన చోట గార పూసి, సున్నం కొట్టి కప్పిపుచ్చడం అత్యంత అపాయకరం. తుప్పు ఆగదు; పైగా మరుసటిసారి రాలే పెచ్చు మరింత బరువుగా ఉంటుంది. కింద ఊయల ఉండవచ్చు, పిల్లల చదువుబల్ల ఉండవచ్చు. పెచ్చులు రాలే గదిని ఖాళీ చేసి, ఇంజినీరుకు చూపించి, అవసరమైతే కింద ఊతకర్రలు పెట్టించి, కడ్డీ మెరిసేవరకు తుప్పు తీయించి, తగిన పూత, తగిన గార వేయించాలి. ఇది మన చేతి పని కాదు.

తీగలతో చెలగాటం వద్దు

చాలా పాత ఇళ్ళలో చెక్కపట్టీలమీద బిగించిన రబ్బరు తొడుగు తీగలు ఇప్పటికీ కనిపించవచ్చు. ఆ రబ్బరు ఎండి, ముట్టుకుంటే పొడిగా రాలుతుంది. రెండు దీపాలకు, ఒక పంఖాకు వేసిన ఆ తీగలమీద నేడు గీజరు, ఏసీ, మిక్సీ అన్నీ నడుస్తున్నాయి. భూమికి కలిపే తీగ అసలు లేని గదులూ ఉంటాయి. ఈ ఇళ్ళలో రంగులకు ముందు ఖర్చు పెట్టవలసింది ఇక్కడే. వైరింగు మార్పు లైసెన్సు గల విద్యుత్ కాంట్రాక్టరు చేయాలి. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే విద్యుత్తును ఆపివేసే ఆర్‌సీసీబీ అమర్చమని అడగండి. దాని పరీక్ష బొత్తాన్ని నెలకొకసారి నొక్కి చూడడం ఇంట్లో ఎవరైనా చేయగల పని.

బల్బు హోల్డరు, స్విచ్చు మార్చడంవంటి చిన్న పనులకు కూడా మెయిన్ ఆపాలి. ఇన్వర్టరు ఉన్న ఇంట్లో అది చాలదు. మెయిన్ ఆపినా ఇన్వర్టరు తీగలలో విద్యుత్తు ఉంటుంది. రెండూ ఆపాలి. చెమ్మ పట్టిన గోడమీది స్విచ్చుబోర్డును, గోడ ఆరేవరకు, ముట్టుకోకపోవడమే వివేకం.

తలుపులు, చెదలు

సింగ్‌భూమ్ సాల అడవులకు పేరుపొందింది. మనం గుగ్గిలం చెట్టు అనేది ఈ సాలవృక్షమే. దాని కలపతో చేసిన పాత తలుపులు, ద్వారబంధాలు బరువైనవి, గట్టివి. పాతవని వాటిని పీకించి పలుచని తలుపులు పెట్టించడం బంగారం ఇచ్చి ఇత్తడి కొనుక్కోవడమే. వానాకాలంలో తలుపు బిగుసుకుంటే వెంటనే చిత్రిక పట్టవద్దు. కలప తేమకు ఉబ్బి, ఎండలకు ముడుచుకుంటుంది. వానల్లో చిత్రిక పట్టిన తలుపు ఎండాకాలానికి సందులిస్తుంది. ముందు మడతబందుల మరలు బిగించి చూడండి. చాలా తలుపులు దానితోనే దారికి వస్తాయి.

ద్వారబంధం మొదట్లో మట్టిగొట్టంలా సన్నని గీత కనిపిస్తే అది చెదల రాకపోకల దారి. దులిపేసి ఊరుకుంటే మరోదారి వేసుకుంటాయి. కలపకు మట్టి తగలకుండా చూడడం, గోడనానుకుని పాత కర్రలు, అట్టపెట్టెలు పేర్చకపోవడం మన వంతు. మందు పిచికారీ శిక్షణ పొందినవారి వంతు.

అన్నింటి తరువాత రంగు

నీరు ఆగి, గార ఆరి, తీగలు మారిన తరువాత రంగుల మాట. ఇందులో ప్రాణాంతకమైన విషయం ఒకటి ఉంది. మన దేశంలో గృహావసరాల రంగులలో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధనను 2016లో ప్రకటించారు; అది 2017 నవంబరునుంచి అమలులోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగులలో, ముఖ్యంగా తలుపులు, కిటికీలు, ఇనుప ఊచలకు వేసిన నూనెరంగులలో సీసం ఉండే అవకాశం ఎక్కువ. ఆ పొరలను పొడిగా రుద్దితే లేచే ధూళి పసిపిల్లల మెదడు ఎదుగుదలకు, గర్భిణులకు హానికరం. కాబట్టి నీటితో తడిపి, తడి ఎమెరీ కాగితంతో మాత్రమే రుద్దాలి. మంటతో కాల్చి తీయరాదు. ముక్కుకు తగిన మాస్కు ధరించాలి. పిల్లలను ఆ రోజులలో బంధువుల ఇంటికి పంపాలి. నేలను చీపురుతో ఊడ్చక తడిగుడ్డతో తుడవాలి. గట్టిగా అంటుకుని ఉన్న పాత రంగును కదిలించకుండా దానిమీదే కొత్త రంగు వేయడం ఇంకా మంచిది. పాత ఆస్‌బెస్టాస్ రేకులనూ ఇలాగే కోయకుండా, రంధ్రాలు చేయకుండా వదిలేయాలి.

సున్నపు గోడకు వెల్లవేయడమే ఉత్తమం, చవక కూడా. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మళ్ళీ సున్నపురాయిగా మారుతుంది. అంటే గోడకు పలుచని రాతిపొర పట్టించినట్లే. సున్నం నానవేసేటప్పుడు నీటిలో సున్నాన్ని కొద్దికొద్దిగా వేయాలి, సున్నంమీద నీరు గుమ్మరించరాదు. అది కుతకుత ఉడుకుతుంది. కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. కళ్ళద్దాలు, చేతితొడుగులు తప్పనిసరి. ఒకరోజు నాననిచ్చి, గుడ్డలో వడగట్టి, బంక, కొద్దిగా నీలిమందు కలిపి, పలుచగా రెండు మూడు పూతలు వేయాలి.

సిమెంటు గోడలకు ఎమల్షన్ రంగు కొనేముందు లెక్క వేసుకోండి. పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు గల గది గోడల వైశాల్యం 440 చదరపు అడుగులు. ఒక తలుపు, రెండు కిటికీలు తీసివేస్తే సుమారు 387. రెండు పూతలకు లీటరు 100 నుంచి 120 చదరపు అడుగులు వస్తుందనుకుంటే నాలుగు లీటర్లు చాలు. దుకాణదారు పది లీటర్ల డబ్బా చూపితే ఈ లెక్క ఉపయోగపడుతుంది. పాత ఇళ్ళలో వెలుతురు తక్కువ కనుక పైకప్పుకు తెలుపు, గోడలకు లేతరంగులు వేస్తే గది విశాలంగా తోస్తుంది.

ఇంటి పుస్తకం

లీజు ఇంట్లో, క్వార్టరులో గోడ కొట్టడానికైనా, గది పెంచడానికైనా సంబంధిత సంస్థ అనుమతి ముందుగా పొందాలి. సొంత ఇల్లయినా బరువు మోసే గోడల జోలికి ఇంజినీరు సలహా లేకుండా పోరాదు. నిచ్చెన ఎక్కినప్పుడు కింద ఒకరు పట్టుకుని ఉండాలి.

పనులకు కాలం కూడా ముఖ్యం. జూన్ మధ్యలో వానలు దిగేలోగా డాబా, తూములు, పెంకులు. వానాకాలంలో మరమ్మతు కాదు, పరిశీలన. దీపావళి నాటినుంచి గారపని. చలికాలం ముగిసేలోగా రంగులు. ఈ క్రమం జార్ఖండ్ పల్లెలకు ఎప్పటినుంచో తెలుసు. వానలు వెలిసి దీపావళి వచ్చే రోజులలో, సోహ్రాయ్ పండుగకు, ఇక్కడి ఆదివాసీ స్త్రీలు మట్టిగోడల గుంటలు పూడ్చి, అలికి, ఆ తరువాతే బొమ్మలు వేస్తారు. హజారీబాగ్ ప్రాంతపు సోహ్రాయ్–ఖోవర్ చిత్రాలకు 2020లో భౌగోళిక గుర్తింపు లభించింది. లోకం మెచ్చింది బొమ్మలను. గోడను నిలబెట్టింది వాటికి ముందు జరిగే అలుకుడు. మన సంక్రాంతి వెల్ల కూడా అటువంటిదే.

మా చివరి సూచన ఒకటి. ఒక గట్టి అట్ట పుస్తకం కొని దానిమీద ‘ఇంటి పుస్తకం’ అని వ్రాయండి. గొట్టాలు, తీగలు గోడలో ఏ దారిన పోతున్నాయి, ఏ పగులుకు ఏ తేదీన గీత గీశాము, గారలో పాళ్ళెన్ని, రంగు సంఖ్య ఏది, తూములు ఎప్పుడు శుభ్రపరచాము అన్నీ అందులో ఎక్కించండి. గోడ మూసే ముందు తీసిన ఛాయాచిత్రాలు అంటించండి. క్వార్టరులో మనం ఫిర్యాదు వ్రాస్తే మరొకరు చదివేవారు. ఈ పుస్తకంలో వ్రాసేదీ మనమే, చదివి నడుం బిగించవలసిందీ మనమే. రేపు ఆ ఇంట్లో ఉండబోయే పిల్లలకు ఇంటి తాళాలతోపాటు ఇదీ అప్పగించవచ్చు.